సీసాలో దొరకని ఊరట
ముట్లుడిగే వయసులో మనసు కుంగిన ఆడవాళ్లకు అంగడి అమ్ముతున్నదేమిటి? నిజంగా అందాల్సిందేమిటి?

శరీరానికి ఏం జరిగినా పేరు పెట్టగల భాష మనది. నెలసరి శాశ్వతంగా ఆగిపోతే ముట్లుడిగాయంటాం. ఆ మాటలో దాపరికం లేదు, భయం లేదు. గాలి ఉడిగినట్టు, జోరు ఉడిగినట్టు ఇదీ ఉడుగుతుంది, అంతే. కానీ ఆ నాలుగైదేళ్లలో మనసుకు ఏమవుతుందో చెప్పడానికి మాత్రం విడిగా ఒక మాట లేదు. ఊరికే ఏడుపు రావడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోవడం, బిడ్డ పలకరించినా కసురుకోవడం, నిన్నటిదాకా ఇష్టంగా చేసిన పని ఇవాళ కొండంత బరువనిపించడం... వీటిని పెద్దవాళ్లు చాదస్తం అంటారు, పల్లెలో గాలి సోకిందంటారు, చదువుకున్నవాళ్లు టెన్షన్ అంటారు. పేరు లేని బాధ దగ్గరికి అందరికంటే ముందు చేరేది మందు అమ్మేవాడే.

చేరాడు కూడా. శతావరి, అశ్వగంధ, అశోక చెక్క, జటామాంసి కలిపిన గోళీలు, లేహ్యాలు, టానిక్కులు 'మెనోపాజ్‌లో మానసిక ప్రశాంతత'కంటూ మందుల షాపుల్లో వరుసలు కట్టాయి. సహజమైనవి, సైడ్ ఎఫెక్టులు లేనివి, అమ్మమ్మల నాటివి అన్నది వాటి గురించి చెప్పే మాట. ఈ మూడింటిలో ఏది ఎంత నిజమో తేల్చుకోవాలంటే ఆ మూలికలు దొరికే అడవి అంచు నుంచి చూడటం మేలు.

మద్దేడ్ అలాంటి చోటే. బస్తర్‌కు నైరుతి కొసన, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా భోపాలపట్నం ప్రాంతంలో, నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ పోయే జాతీయ రహదారి మీద ఉంటుంది. ఆఫీసులో హిందీ, ఇళ్లలో గోండీ, దోర్ల, అంగట్లో తెలుగు. గోదావరి దాటితే తెలంగాణ. వంతెన పడ్డాక వరంగల్, హైదరాబాద్ మరింత దగ్గరయ్యాయి. చుట్టుపక్కల అడవి ఇచ్చేది ఇప్పపువ్వు, తునికాకు, సారపప్పు, కరక్కాయలే కాదు. పిల్లితేగలు అని మనం పిలిచే శతావరి, తిప్పతీగ, నేలవేము, సఫేద్ ముస్లీ కూడా బస్తర్ అడవుల సరుకే. వాటిని తవ్వి, ఎండబెట్టి, మోసుకొచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. ఆ గడ్డ పట్నం చేరి, పొడి అయి, సీసాలో పడి, ముట్లుడిగే వయసు స్త్రీలకు ఉపశమనంగా అమ్ముడవుతుంది. తవ్విన ఆమెకూ అదే వయసు. ఆమె మనసు సంగతి అడిగినవారు లేరు.

ముందు 'అమ్మమ్మల నాటివి' అన్న మాట చూద్దాం. మన అమ్మమ్మలు శతావరి ఇచ్చింది బాలింతకు పాలు పడటానికి. అశోక చెక్క కషాయం అధిక రక్తస్రావానికి. పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, నీరసానికి, నిద్రకు. సరస్వతి ఆకు జ్ఞాపకశక్తికి. జటామాంసి అయితే బస్తర్‌ది కాదు, హిమాలయాలది. విచ్చలవిడిగా తవ్వేయడం వల్ల అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో తీవ్రంగా అంతరించిపోతున్న మొక్కల్లో చేరింది. ఆడవారికి పన్నెండో ఏటి తర్వాత రుతువు మొదలై యాభైకి ఆగుతుందని సుశ్రుతుడు రాశాడు. అంతేగానీ దాన్ని రోగంగా లెక్కగట్టలేదు, దానికంటూ వేరే ఔషధాల పట్టిక ఇవ్వలేదు. మూలికలు పాతవే. వాటికి 'మెనోపాజ్ మూడ్' అన్న చీటీ అంటించింది మాత్రం ఈ కాలపు వ్యాపారం.

ఈ వ్యాపారానికి మూలపురుషుడు కాదు, మూలస్త్రీ అమెరికాలో ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రం లిన్ పట్టణానికి చెందిన లిడియా పింకమ్ 1875లో ఒక మూలికల టానిక్కు అమ్మడం మొదలుపెట్టింది. బ్లాక్ కోహోష్ అనే వేరు అందులో ఉండేది. ఆడవాళ్ల సమస్యలన్నిటికీ, ముట్లుడిగే బాధలకు కూడా అదే మందని ప్రచారం. సీసాలో దాదాపు 18 శాతం ఆల్కహాల్. మనసు తేలికపడిందంటే పడదా మరి? అయితే ఆమె గెలుపు రహస్యం మత్తు ఒక్కటే కాదు. మీ బాధ నాకు రాయండి అని ఆమె ప్రకటనలు పిలిచాయి. డాక్టరుకు చెప్పుకోలేని సంగతులు వేలాది మంది స్త్రీలు ఉత్తరాలుగా రాశారు, జవాబులు అందుకున్నారు. 1883లో ఆమె చనిపోయాక కూడా కంపెనీ ఆమె పేరుతోనే ఉత్తరాలు రమ్మంది. 1905లో ఒక అమెరికన్ మహిళా పత్రిక ఆమె సమాధి ఫొటో అచ్చువేసి ఆ గుట్టు రట్టు చేసింది. అయినా అమ్మకాలు ఆగలేదు. ఆ స్త్రీలు కొన్నది సగం మందు, సగం తమ మాట వినే చెవి.

మన అశోకారిష్టం, సారస్వతారిష్టం కూడా పులియబెట్టినవే. అరిష్టాల్లో సహజంగా ఆల్కహాల్ పుడుతుంది, అశోకారిష్టంలో అది 5 నుంచి 10 శాతం వరకు ఉంటుంది. రాత్రి రెండు మూతలు తాగి హాయిగా నిద్రపట్టిందనే వాళ్లు ఈ లెక్క కూడా తెలుసుకోవాలి.

మూలికల వైపు పెద్ద మలుపు 2002 జులైలో వచ్చింది. అమెరికాలో 16 వేల మందికి పైగా స్త్రీల మీద జరుగుతున్న హార్మోన్ల చికిత్స పరిశోధనను, రొమ్ము కేన్సర్, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు కాస్త పెరిగినట్టు కనిపించడంతో మధ్యలో ఆపేశారు. పదివేల మంది ఏడాదిపాటు వాడితే రొమ్ము కేన్సర్ కేసులు అదనంగా 8 అన్నది లెక్క. పాల్గొన్నవారి సగటు వయసు 63 అన్న సంగతి వార్తల హోరులో వినిపించలేదు. ముట్లుడిగిన కొత్తలో, 60 ఏళ్లలోపు మొదలుపెడితే చాలామందికి ముప్పు కంటే మేలే ఎక్కువని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. కానీ అప్పటికే ప్రపంచమంతటా స్త్రీలు హార్మోన్లను వదిలి మూలికల వైపు నడిచారు.

మూలికలకూ పరీక్ష తప్పలేదు. 351 మంది స్త్రీల మీద ఏడాదిపాటు జరిగిన అమెరికన్ అధ్యయనం 2006లో వెలువడింది. ఒంట్లోంచి ఆవిర్లు ఎగసినట్టుండే హాట్ ఫ్లషెస్‌కు బ్లాక్ కోహోష్ గానీ, పలు మూలికల మిశ్రమం గానీ ఉత్తుత్తి గోళీ కంటే మెరుగ్గా పనిచేయలేదు. 2012లో కోక్రేన్ సంస్థ 16 ప్రయోగాలను వడగట్టి బ్లాక్ కోహోష్‌కు చాలినన్ని రుజువులు లేవంది. మరుసటేడు సోయా, రెడ్ క్లోవర్ లాంటి వాటి మీద 43 ప్రయోగాలు చూసి ఇంచుమించు అదే మాట చెప్పింది. వాడినవారు అబద్ధం చెబుతున్నారని కాదు. ఇదే కోక్రేన్ 2004 సమీక్షలో, ఉత్తుత్తి గోళీ వేసుకున్నవారికి కూడా ఆవిర్లు సగటున 57 శాతానికి పైగా తగ్గాయి. కాలం గడిచేకొద్దీ కొంత తనంతట తగ్గుతుంది. ఎవరో పట్టించుకుంటున్నారన్న ధీమా కొంత తగ్గిస్తుంది. ఆ మెప్పు మాత్రం గోళీ కొట్టేస్తుంది.

మనసు విషయంలో మన మూలికల్లో కాస్త ఆశ కలిగించేది అశ్వగంధ. నెలసరి గాడి తప్పే దశలో ఉన్న వందమంది స్త్రీలతో మనదేశంలో 8 వారాల ప్రయోగం జరిగింది. 2021లో వచ్చిన ఫలితాల్లో బాధలు కొంత తగ్గినట్టు కనిపించింది. చిన్న ప్రయోగం, కొద్ది వారాలు. దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి వాడొచ్చనడానికి లేదు. అశ్వగంధ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. థైరాయిడ్ మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. సహజమైనదే అయినా ఒంట్లో పని చేసేదేదైనా మందే, దేనికైనా మోతాదు ఉండాలి, హద్దు ఉండాలి.

పైగా సీసాలో ఉన్నది చీటీ మీద రాసిందేనా? అశోక చెక్క పేరుతో నరమామిడి బెరడు కలపడం ఈ వ్యాపారంలో పాత సంగతే. పార్కుల్లో నిటారుగా పెరిగే ఆ చెట్టునే చాలామంది అశోక చెట్టనుకుంటారు. బ్రాహ్మి అంటే ఒకచోట నీటిబ్రాహ్మి, మరోచోట సరస్వతి ఆకు, రెండూ వేర్వేరు మొక్కలు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే అయిదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్టు 2008లో తేలింది. స్త్రీల వ్యాధులను, నెలసరి దోషాలను నయం చేస్తామంటూ ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టాన్ని గుర్తుపెట్టుకున్న ప్రకటనకర్తలు తక్కువే.

మందు తేలిపోయినంత మాత్రాన బాధ అబద్ధమైపోదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మూలికలను కొట్టిపారేసే చదువరులు చాలాసార్లు ఆ బాధను కూడా కలిపి కొట్టిపారేస్తారు. హార్వర్డ్ పరిశోధకులు అంతకుముందెన్నడూ డిప్రెషన్ లేని స్త్రీలను ఏళ్ల తరబడి గమనించారు. నెలసరి గాడి తప్పే దశలో అడుగుపెట్టినవారిలో కుంగుబాటు లక్షణాలు, ఆ దశకు రానివారి కంటే దాదాపు రెండింతలని 2006లో చెప్పారు. 2024లో 'లాన్సెట్' ఈ విషయాన్ని ఇంకాస్త విడమరిచింది. ముట్లుడిగే ప్రతి స్త్రీకీ మానసిక ముప్పు ఉందనడం సరికాదు. ఇంతకుముందు డిప్రెషన్ వచ్చినవారికి, రాత్రి ఆవిర్లతో నిద్ర చెడినవారికి, అదే సమయంలో జీవితంలో పెద్ద దెబ్బలు తిన్నవారికి ముప్పు ఎక్కువ.

ఆ మూడోదాన్ని బీజాపూర్ జిల్లాకు అన్వయించి చూడండి. 2005లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. బీజాపూర్ అప్పటికి దంతెవాడ జిల్లాలో భాగం. 644 గ్రామాలు ఖాళీ అయ్యాయన్నది అధికారిక లెక్క. కొందరు శిబిరాలకు చేరారు, కొందరు అడవిలోకి పోయారు, వేలమంది నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వలసొచ్చారు. గిరిజన యువకులకు ప్రత్యేక పోలీసుల పేరుతో ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న చెప్పింది. ఆనాడు పాతికేళ్ల కోడలు ఇవాళ నలభై అయిదు దాటిన ఆడమనిషి. తగలబడిన ఇల్లు, తిరిగిరాని మనిషి, సరిహద్దు అవతల కూలి బతుకు, వీటన్నిటి తర్వాత ఆమెకు ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపట్టకపోతే హార్మోన్లదెంత వాటా, చరిత్రదెంత వాటా? ఏ లేహ్యం ఆ లెక్క తేలుస్తుంది?

ఇంకో గాయం కత్తితో అయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ముట్లుడగడం తరచూ దానంతట అదిగా రాదు, ఆపరేషన్ బల్ల మీద వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ రెండు రాష్ట్రాలే దేశంలో ముందున్నాయి. దేశం మొత్తమ్మీద ఇలాంటి ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగాయి. ఛత్తీస్‌గఢ్‌లో 2012లో ఆరోగ్యబీమా సొమ్ము కోసం అవసరం లేకుండా గర్భసంచులు తీశారన్న ఆరోపణలతో కొందరు డాక్టర్ల లైసెన్సులు సస్పెండయ్యాయి. ఆ రాష్ట్రంతో పాటు బిహార్, రాజస్థాన్‌లలో జరిగిన దానిపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిచ్చింది. ఇలాంటి ఆపరేషన్లపై కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే కొన్నేళ్లలో జరగాల్సిన మార్పు రాత్రికి రాత్రి జరుగుతుంది. ముప్పై అయిదేళ్లకే ఆవిర్లు, నిద్రలేమి, దిగులు. ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి చెప్పేవారు తక్కువ, తర్వాత టానిక్కు రాసేవారు ఎక్కువ.

మూలికల వల్ల జరిగే పెద్ద నష్టం ఒక్కోసారి మూలికల్లో ఉండదు, అవి తెచ్చే ఆలస్యంలో ఉంటుంది. రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయంటే పట్నంలో మెనోపాజ్ అనుకోవచ్చు. మలేరియాను తరిమేందుకు 2020లో ప్రత్యేకంగా ఉద్యమం మొదలుపెట్టాల్సి వచ్చిన బస్తర్‌లో ముందు రక్తపరీక్ష చేయాలి, క్షయ ఉందేమో చూడాలి. అలసట, విసుగు, గుండెదడ రక్తహీనతవీ కావచ్చు. 2019-21 సర్వేలో ఛత్తీస్‌గఢ్ స్త్రీలలో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 57 శాతానికి పైగా రక్తహీనులే. థైరాయిడ్ లోపమూ ఇలాగే మనసును మందగింపజేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా అశోకారిష్టం తాగుతూ కూర్చోకూడదు, డాక్టరుకు చూపించుకోవాలి. అది గర్భాశయ కేన్సర్ తొలి సంకేతం కావచ్చు.

మరి పనిచేసేదేమిటి? ఆవిర్లు, చెమటలు నిద్ర చెరుస్తుంటే హార్మోన్ల చికిత్స ఇప్పటికీ అన్నిటికంటే బలమైన మందు. రొమ్ము కేన్సర్ లాంటివి ఉన్నవారికి అది పడదు కాబట్టి డాక్టరు చూసి నిర్ణయించాలి. నిజమైన డిప్రెషన్‌కు డిప్రెషన్ మందులున్నాయి. ఆలోచనల తీరును, నిద్ర అలవాట్లను సరిదిద్దే సీబీటీ అనే మాటల చికిత్సను ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో సిఫారసు చేసింది. మూలికల ఉత్పత్తులను మాత్రం సిఫారసు చేయలేదు.

మాటల చికిత్స అనగానే ఏసీ గది, గంటకు ఫీజు అనుకోనక్కర్లేదు. గోవాలో డిప్రెషన్‌తో ఉన్న 495 మంది మీద ఒక ప్రయోగం చేశారు. మందలింపూ సలహాలూ కాకుండా, ఆగిపోయిన పనుల్ని ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించే పద్ధతిలో కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులే ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. పాల్గొన్నవారిలో ఎక్కువ మంది స్త్రీలే. మూడు నెలలకు కోలుకున్నవారు 64 శాతం. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. 2017లో 'లాన్సెట్' అచ్చువేసిన ఈ ఫలితం ముందు మూలికల ప్రకటనలు వెలవెలబోవాలి.

అలాంటి మామూలు మనుషులు ఛత్తీస్‌గఢ్‌లో ఊరూరా ఉన్నారు. 2002లో ఆ రాష్ట్రం మొదలుపెట్టిన మితానిన్ పథకమే తర్వాత దేశమంతటా ఆశా కార్యకర్తల వ్యవస్థకు దారి చూపింది. ఇవాళ అక్కడ మితానిన్‌లు దాదాపు 70 వేల మంది. మితానిన్ అంటే స్నేహితురాలు. ఆ ప్రాంతంలో ఒట్టు పెట్టుకుని, జీవితాంతం నిలుపుకునే నెచ్చెలి బంధం పేరది. ఆమె గర్భిణి ఇంటికి వెళుతుంది, పసిబిడ్డను తూస్తుంది, జ్వరమొస్తే మలేరియా పరీక్ష చేస్తుంది. బిడ్డలు కనడం అయిపోయిన ఆడదాని గడప దగ్గర ఆమెకు పెద్దగా పనుండదు. మన దగ్గర ఆశా కార్యకర్తల సంగతీ అంతే. తల్లి కాబోయే స్త్రీ మీద ప్రభుత్వానికి ఉన్న శ్రద్ధ, తల్లి అయి ముగిసిన స్త్రీ మీద ఉండదు. ఆ ఖాళీలోనే సీసాలు అమ్ముడవుతున్నాయి.

ఖాళీ పూడ్చడానికి కొత్త మిషన్లు అక్కర్లేదు. నలభై దాటిన ప్రతి స్త్రీని ఏడాదికోసారి నాలుగు ప్రశ్నలు అడిగే బాధ్యత మితానిన్‌కు, ఆశకు అప్పగించాలి. నిద్ర పడుతోందా? మనసు ఎలా ఉంది? మళ్లీ రక్తస్రావం కనిపించిందా? ఏ మూలిక, ఏ మందు వాడుతున్నావు? జవాబును బట్టి రక్తపరీక్ష, పెద్దాస్పత్రి, లేదంటే వారానికోసారి కూర్చుని మాట. ఆ పని చేసినందుకు ఆమెకు డబ్బివ్వాలి. ఫోన్ అందేచోట కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు ఎంతమంది నలభై అయిదేళ్ల ఆడవాళ్లకు తెలుసు?

మూలికలను తరిమేయాలని ఎవరూ అనరు. ఇంట్లో కాచిన కషాయం చేతికిచ్చి, తాగేదాకా పక్కన కూర్చున్న తోడికోడలో చెల్లెలో ఉంటే ఆ కషాయం కొంత పనిచేస్తుంది కూడా. తేడా ఏమిటంటే, అడవి నుంచి గడ్డను వేరుచేసి సీసాలో నింపగలిగారు గానీ, ఆ పక్కన కూర్చున్న మనిషిని నింపలేకపోయారు. ఆమెను పంపగలిగేది ఊరు, ఇల్లు, ప్రభుత్వం మాత్రమే.